సౌభకం, కొయ్యగరుడుడు, ఎక్స్-వింగ్: తిరుగుబాటుదారుల పోరు విమానాల కథాచరిత్ర

తెలుగులో ‘విమానం’ అన్న మాట మూడు అర్థాలలో వాడుకలో ఉన్నది. గుడిలో గర్భాలయంపై లేచిన కట్టడం విమానం. పురాణాలలో దేవతలు, యక్షులు, రాక్షసులు ఎక్కి తిరిగే వాహనం విమానం. రేణిగుంటలో దిగేదీ విమానమే. వీటిలో మొదటిది కదలదు. మూడవది కల్పన కాదు. ఈ వ్యాసం రెండవ అర్థానికి, అందులోనూ ఒక చిన్న శాఖకు పరిమితమైనది. నెలకొన్న అధికారంపై ఎదురుతిరిగినవారు ఎక్కి యుద్ధం చేసిన కల్పిత విమానాలను మాత్రమే ఇక్కడ పరిశీలిస్తున్నాను.

ఈ శాఖలో నేడు లోకమంతటికీ తెలిసిన ఉదాహరణ 1977లో విడుదలైన ‘స్టార్ వార్స్’ చిత్రంలోని ఎక్స్-వింగ్. ఒక్క మనిషి కూర్చుని నడిపే ఈ చిన్న పోరు విమానంతో తిరుగుబాటు దళం సామ్రాజ్యపు మహాయుద్ధ కేంద్రాన్ని కూల్చివేస్తుంది. ఇటువంటి విషయం తెలుగు పరిశోధనలో చోటు చేసుకోకపోవడానికి రెండు అలవాట్లు కారణం. ఇది పిల్లల సినిమా సంగతి, సాహిత్య విచారణకు తగదు అనుకోవడం ఒకటి. ఇవన్నీ మన పురాణాలలో ఎప్పుడో ఉన్నాయని ఒక్క మాటతో తేల్చివేయడం రెండవది. రెండవ అలవాటు పైకి గౌరవంగా కనిపించినా ఎక్కువ నష్టం చేసేది అదే. ఉన్నదని చెప్పగానే విచారణ ముగిసిపోతుంది. ఆ విమానం ఎవరిది, ఎవరు కట్టారు, ఎంత పెద్దది, నడిపేవాని పక్కన ఎవరున్నారు, చివరికి ఏమైంది అన్న ప్రశ్నలు పుట్టవు. ఈ ప్రశ్నలు వేసి చూస్తే కథలు రెండు జాతులుగా విడిపోతాయి. పైనుండి వరంగా దొరికిన ఎగిరే కోట ఒక జాతి. తోటి పనివాడు చేసి ఇచ్చిన ఒంటరి వాహనం మరొక జాతి. తిరుగుబాటుదారుని పట్ల కథ చూపే ఆదరం ఎంతన్నది అతడు ఏ జాతి విమానం ఎక్కాడన్న దానితో ముడిపడి ఉన్నదని నా వాదం.

ఇనుప నగరం

మొదటి జాతికి పెద్ద ఉదాహరణ సాల్వుని సౌభకం. భారతం అరణ్యపర్వంలో ఈ కథ వచ్చే సందర్భం గమనింపదగినది. జూదం జరిగినప్పుడు నీవెందుకు లేవని ధర్మరాజు అడిగితే, ఆ సమయంలో సాల్వునితో యుద్ధంలో ఉన్నానని కృష్ణుడు సమాధానం చెబుతాడు. అంటే కురుసభలో అనర్థం జరగడానికి కృష్ణుని వైపు కారణం ఒక ఎగిరే కోట. కథలో దాని స్థానం అంత కీలకం.

సాల్వుని తిరుగుబాటుదారు అనడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని రాజసూయాన్ని ఉన్నది ఉన్నట్టు చూడాలి. రాజసూయం అంటే సామ్రాజ్య స్థాపన. రాజులందరూ కప్పాలు తెచ్చి ఒక కొత్త అధికారాన్ని ఒప్పుకున్న సభ అది. ఆ సభలో అగ్రపూజను ఆక్షేపించిన శిశుపాలుడు అక్కడే హతుడయ్యాడు. అతని మిత్రుడు సాల్వుడు ఆ మరణానికి పగ తీర్చుకోవడానికి ద్వారకపైకి వచ్చాడు. ఇంద్రప్రస్థం వైపు నుండి చూస్తే అతడు దుష్టుడు. సాల్వుని వైపు నుండి చూస్తే, కొత్తగా వెలసిన ఏకచ్ఛత్రానికి తలవంచని చివరి రాజులలో ఒకడు. వ్యాసుడు ఈ రెండవ చూపును ఆదరించలేదు. అయినా దాన్ని గుర్తించడానికి కావలసిన సామగ్రినంతా కథలో ఉంచాడు.

సౌభకాన్ని సాల్వుడు ఎలా పొందాడన్న సంగతి భాగవత దశమస్కంధంలో వివరంగా ఉన్నది. రుక్మిణీ కల్యాణ సందర్భంలో యాదవుల చేతిలో ఓడిన సాల్వుడు భూమిపై యాదవులే లేకుండా చేస్తానని పంతం పట్టాడు. రోజుకు పిడికెడు మన్ను మాత్రం తింటూ ఏడాదిపాటు శివుని గూర్చి తపస్సు చేశాడు. శివుని ఆనతిపై మయుడు ఇనుముతో ఒక నగరాన్ని నిర్మించి అతనికి ఇచ్చాడు. అది కోరిన చోటికి పోతుంది. ఒకసారి ఒకటిగా, మరొకసారి పలుగా కనబడుతుంది, కనబడకుండానూ పోతుంది. నేలమీద, నింగిలో, కొండకొమ్మున, నీటిపైన కొరవి తిప్పినట్టు తిరుగుతుంది. అందులో నుండి శిలలు, చెట్లు, పాములు, వడగళ్లు కురుస్తాయి. దీన్ని విమానం అంటున్నామే గాని మూలకథ మళ్లీ మళ్లీ పురం అనే చెబుతుంది. ఇది ఎగిరే కోట.

కోట అన్న మాటను ఈ ప్రాంతపు పాఠకుడు వేరుగా వింటాడు. కలిగిరి నుండి వింజమూరు మీదుగా పడమరకు పోతే ఉదయగిరి దుర్గం కనబడుతుంది. గజపతుల ఏలుబడిలో ఉన్న ఆ కోటను కృష్ణదేవరాయలు 1514లో జయించాడు. అందుకు ఏడాదిన్నర ముట్టడి పట్టిందని, సైన్యానికి దారి చేయడానికి బండలు పగలగొట్టించాడని పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రాశాడు. కొండమీది కోటను పట్టడానికే ఏడాదిన్నర పడితే, ఆ కోట లేచి తన ఊరిమీదికే వస్తే ఎలా ఉంటుంది? సౌభకం వంటి కల్పన వెనుక ఉన్న భయం ఇదే. గిరిదుర్గాల కాలంలో బతికిన శ్రోతకు దాన్ని వివరించనక్కరలేదు. కోటకు ఉన్న బలమంతా ఎత్తు. ఆ ఎత్తుకు కదలిక కూడా తోడైతే కింద ఉన్నవాని అస్త్రం అందదు. తన సైన్యపు బాణాలు సౌభకానికి అందలేదని, అది క్రోశం దూరాన ఆకాశానికి తగిలించినట్టు నిలిచిందని కృష్ణుడే ధర్మరాజుకు చెబుతాడు. అవతారపురుషుని నోట వచ్చిన ఈ ఒప్పుకోలు కథకు వాస్తవికత తెచ్చిపెట్టింది.

ముట్టడి వేళ ద్వారకలో చేసిన ఏర్పాట్లను వ్యాసభారతం ఓపికగా చెబుతుంది. వంతెనలు విరిచారు, ఓడల రాకపోకలు ఆపారు, ముద్ర లేనివారిని నగరంలోకి రానివ్వలేదు, బయటికి పోనివ్వలేదు. వీటితోపాటు ఎవరూ సుర తాగరాదని నగరంలో చాటించారు. ఏమరుపాటు కలగకూడదన్నది కారణం. ఉగ్రసేనుడు, ఉద్ధవుడు మొదలైన పెద్దలు పైనుండి విధించిన మద్యనిషేధం ఇది. కలిగిరి మండలంలోని దూబగుంట పేరు తెలిసినవారు ఈ వాక్యం దగ్గర ఆగక తప్పదు. 1990ల తొలి ఏళ్లలో ఆ ఊరి స్త్రీలు అక్షరాస్యతా ఉద్యమంలో చదువు నేర్చుకుంటూ సారా అమ్మకంపై తిరగబడ్డారు. ఆ కదలిక జిల్లాను దాటి రాష్ట్రమంతటా పాకింది. 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వం సారాను నిషేధించింది. ద్వారకలో ఆజ్ఞ పైనుండి కిందికి దిగింది; దూబగుంటలో కిందినుండి పైకి పోయింది. పోరాటానికి దిగినవారు తమలో క్రమశిక్షణను ఎక్కడినుండి తెచ్చుకుంటారన్న ఈ ప్రశ్న విమానాల విషయంలోనూ వర్తిస్తుంది.

సౌభకం కూలిన తీరు రెండు గ్రంథాలలో రెండు విధాలు. భారతంలో సుదర్శనం దాన్ని రంపం దుంగను కోసినట్టు నడిమికి కోస్తుంది. భాగవతంలో కృష్ణుని గద దెబ్బకు ముక్కలై నీటిలో పడుతుంది. భారత కథకుడు ఈ పతనాన్ని త్రిపురాల పతనంతో పోల్చాడు. ఆ పోలిక అలంకారం కోసం మాత్రమే వచ్చిందని నేననుకోను. తారకాసురుని కొడుకులు ముగ్గురికి మయుడు కట్టిన బంగారు, వెండి, ఇనుప పురాలూ ఇదే జాతివి. త్రిపురసంహార కథను కర్ణపర్వంలో దుర్యోధనుడు శల్యునికి చెబుతాడు. కర్ణపర్వాన్ని తెనిగించినవాడు మన నెల్లూరి తిక్కన. వేయేళ్లకు ఒకసారి మూడు పురాలు ఒక వరుసలోకి వచ్చినప్పుడు ఒకే బాణంతో కొట్టాలన్నది అక్కడి నియమం. మహానిర్మాణానికి ఒక్క చిన్న సందు, ఆ సందులో ఒక్క దెబ్బ. ఈ కథానిర్మాణం చాలా పాతది.

ఇక్కడ ఒక పోలికను గుర్తుంచుకోవాలి. త్రిపురాలలోనూ సౌభకంలోనూ కోట తిరుగుబాటుదారునిది. స్వర్గం దక్కని దానవులు, సామ్రాజ్యానికి లోబడని రాజు ఆకాశంలో నిలిచి ఉన్నారు. అధికారం వైపువారు నేలమీదో రథంమీదో ఉండి గురి చూస్తున్నారు. ఎగిరే వాహనం ఇక్కడ న్యాయానికి గుర్తు కాదు, మితిమీరిన కోరికకు గుర్తు. పుష్పకం కథ కూడా దీన్నే బలపరుస్తుంది. కుబేరుని నుండి రావణుడు లాక్కున్నంత కాలం అది అపహృత ధనం. రాముడు దానిలో అయోధ్యకు చేరి తిరిగి కుబేరునికి పంపించివేశాడు. పుష్పకంలో కూర్చుని రాముడు ఎవరితోనూ యుద్ధం చేయలేదు.

మేకుతో నడిచే గరుడుడు

రెండవ జాతి కథ పంచతంత్రంలో ఉన్నది. 1199లో పూర్ణభద్రుడు కూర్చిన పాఠంలో మిత్రభేదంలో ఇది వస్తుంది. గౌడదేశంలో ఒక నేతగాడు, ఒక రథకారుడు చిన్ననాటి స్నేహితులు. ఉత్సవంలో ఏనుగుపై వచ్చిన రాజకుమార్తెను చూసి నేతగాడు మూర్ఛపోయాడు. అది తీరే కోరిక కాదని అతనికీ తెలుసు. స్నేహితుడు కొయ్యతో ఒక గరుడుని చేసి, రంగులు వేసి, మేకు తిప్పితే ఎగిరేట్టు అమర్చి ఇచ్చాడు. శంఖచక్రాలు, కిరీటం కూడా చేసి ఇచ్చాడు. నేతగాడు రాత్రివేళ విష్ణువు వేషంలో ఏడంతస్తుల మేడపై దిగి రాజకుమార్తెను గాంధర్వవిధిని పెండ్లాడాడు.

ఇంతవరకు ఇది శృంగారకథ, కొంత మోసం కథ. చాలామంది గుర్తుంచుకునేదీ ఇంతే. మన విషయం దీని తరువాత మొదలవుతుంది. అల్లుడు సాక్షాత్తు విష్ణువని తెలిసిన రాజుకు గర్వం తలకెక్కింది. దక్షిణదేశపు రాజు విక్రమసేనుని దూతలు ఏటేటి కప్పం కోసం వస్తే లెక్కచేయక పంపించివేశాడు. కప్పం ఎగవేయడమంటే తిరుగుబాటే. విక్రమసేనుడు దండెత్తివచ్చి నగరాన్ని చుట్టుముట్టాడు. రాజు అల్లుని శరణుజొచ్చాడు. నేతగానికి ఇప్పుడు రెండే దారులు: మేకు తిప్పి ఎక్కడికైనా ఎగిరిపోవడం, లేదా కొయ్యపక్షిపై నిజమైన సైన్యానికి ఎదురుపోవడం. చచ్చినా సరేనని రెండవదే ఎంచుకున్నాడు. ఆ తెల్లవారు అతడు ఎక్కిన కొయ్యగరుడుడు, నాకు తెలిసినంతలో, మన కథాసాహిత్యంలో సామాన్యుడొకడు సామంత తిరుగుబాటు పక్షాన నడిపిన మొదటి పోరు విమానం.

కథకుని చమత్కారం ఇక్కడ శిఖరానికి చేరుతుంది. వైకుంఠంలో విష్ణువు ఆలోచనలో పడ్డాడు. నేతగాడు బాణాలకు కూలితే, విష్ణువే చచ్చాడని, గరుడుడూ చచ్చాడని లోకం అనుకుంటుంది. ఆ తరువాత తమకు పూజలు ఉండవు. అందుచేత గరుడుని కొయ్యగరుడునిలో ప్రవేశించమన్నాడు, చక్రాన్ని కొయ్యచక్రంలో ప్రవేశించమన్నాడు, తాను నేతగాని దేహంలో ప్రవేశించాడు. శత్రువులు ఓడారు. సాల్వునికి శివుడు ఇచ్చింది వరం; వరం ఇచ్చేవాని ఇష్టం మీద ఆధారపడుతుంది. నేతగానికి విష్ణువు చేసింది సహాయం అనడం కూడా కష్టమే. అతని తెగింపు దేవుని ఇరుకున పెట్టింది. దేవుడు తన పరువు కాపాడుకోవడానికి కిందికి దిగవలసివచ్చింది. కొయ్యకు ప్రాణం వచ్చిన క్రమం తిరగబడినదన్నమాట. ముందు పనివాని నైపుణ్యం, తరువాత ఎక్కినవాని ధైర్యం, చిట్టచివర దైవం.

పంచతంత్రం తెలుగు పద్యంలోకి వచ్చిన చరిత్రలో ఈ నేలకు చోటున్నది. 15వ శతాబ్దిలో పంచతంత్రాన్ని తెనిగించిన దూబగుంట నారాయణకవి ఇంటిపేరు కలిగిరి మండలపు దూబగుంటను తలపిస్తుంది. ఆయన కావ్యాన్ని అంకితమిచ్చింది ఉదయగిరి ఏలిక తమ్మరాయని కొడుకు బసవభూపాలునికి. గజపతులకు లోబడి ఏలిన ప్రభువు అతడు. కప్పం, లోబడడం, ఎదురుతిరగడం అన్న మాటలు ఆ సభలో పుస్తకాల మాటలు కావు. పంచతంత్రం రాజపుత్రులకు నీతి చెప్పే గ్రంథమన్నది ప్రసిద్ధమే. దానిలో నేతగాడు రాజును మోసగించి, మామ కోసం ప్రాణమొడ్డి, చివరికి నిజం చెప్పి గౌరవం పొందే కథ ఒకటి చేరడం పంచతంత్రపు స్వభావాన్ని పట్టిస్తుంది. అది గెలుపును చూస్తుంది, కులాన్ని ఆ తరువాతే చూస్తుంది.

మేకు, కీలు, మర అన్న మాటల వరుస కూడా చెప్పుకోదగినదే. తెలుగు జానపద కల్పనలో ఎగిరే చేతివాహనానికి స్థిరపడిన పేరు కీలుగుర్రం. 1949లో ఆ పేరుతో వచ్చిన చిత్రం దాన్ని ఇంటింటికీ తెలిసిన మాట చేసింది. కీలు అనగానే ఎవరో చేశారన్న స్పృహ మాటలోనే ఉన్నది. సౌభకం, పుష్పకం అన్న పేర్లలో ఆ స్పృహ లేదు.

నాలుగు రెక్కల ఒంటరి విమానం

స్టార్ వార్స్ చిత్రంలో సామ్రాజ్యానిది ఇనుప గోళం. చిన్న చంద్రునంత ఉంటుంది, గ్రహాన్నే పేల్చివేయగలదు. డెత్ స్టార్ అన్న పేరు పక్కన పెడితే ఇది సౌభకమే, త్రిపురమే. కాని యజమాని మారాడు. ఎగిరే కోట ఇప్పుడు అధికారానిది. తిరుగుబాటుదారుల చేతిలో మిగిలింది కొయ్యగరుడుని జాతి. రెండు పాత కథాజాతులు ఒకే కథలో ఎదురెదురుగా నిలిచాయి. దర్శకుడు జార్జ్ లూకాస్ ఈ భారతీయ కథలను చూసి చేశాడని నేననడం లేదు. ఆయన ముందున్న నమూనాలు వేరు. రెండవ ప్రపంచయుద్ధపు వైమానిక పోరాటాల చిత్రాలను, ముఖ్యంగా 1955 నాటి ‘ది డ్యామ్ బస్టర్స్’, 1964 నాటి ‘633 స్క్వాడ్రన్’లను ఆధారం చేసుకుని చివరి దాడి ఘట్టాన్ని కూర్చారు. ఇరుకు లోయ వంటి దారిలో కిందుగా ఎగిరి, ఒక్క చోట గురిచూసి వదలడం ఆ చిత్రాలలో ఉన్నదే.

ఎక్స్-వింగ్ రూపు పుట్టుక మరింత సరదా అయినది. తొలి నమూనా గీసి చేసిన కోలిన్ కాంట్‌వెల్, ఇంగ్లండు పబ్బుల్లో గోడకు తగిలించిన పలకపైకి విసిరే చిన్న బాణం నుండి ఆ ఆకారం తోచిందని చెప్పాడు. దాడి వేళ నాలుగు రెక్కలు విచ్చుకోవడం, కౌబాయి ఒరలోంచి తుపాకి దూసినట్టు ఉండాలన్నది ఆయన ఊహ. తరువాత జో జాన్‌స్టన్ చేతిలో అది తుదిరూపు పొందింది. ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ పనివారు కాలిఫోర్నియాలోని ఒక గోదాములో బొమ్మ నమూనాలను తయారుచేశారు. దుకాణంలో దొరికే ప్లాస్టిక్ ట్యాంకులు, విమానాల బొమ్మల పెట్టెలు కొని, వాటి ముక్కలు ఊడదీసి ఈ విమానాలకు అతికించారు. పైన మసి, గీతలు, వెలిసిన రంగు కనబడేట్టు పూత వేశారు. అంతకుముందు వచ్చిన అంతరిక్ష చిత్రాలలో ఓడలు అప్పుడే కడిగి తెచ్చినట్టు మెరిసేవి. ఇక్కడ తిరుగుబాటుదారుల విమానం చూడగానే వాడిన వస్తువని, చాలాసార్లు బాగుచేసిన వస్తువని తెలిసిపోతుంది. అదే దళంలోని వై-వింగ్ మరీ పాతది. పైరేకులు తీసేసి లోపలి గొట్టాలు బయటపడి ఉంటుంది. చిత్రంలో ఒక్క మాట లేకుండా ఆ దళం దారిద్ర్యం, పనితనం రెండూ ఈ రేకులే చెబుతాయి.

రథకారుని చేతిపని కథలోపల ఉన్నది. గోదాములోని పనివారి చేతిపని కథకు బయట ఉన్నది. అయినా ప్రేక్షకునికి అందే అనుభవం ఒకటే. ఎవరో దీన్ని చేతులతో బిగించారు. కథాలోకంలో ఎక్స్-వింగ్ తయారీదారు ఇన్‌కామ్ అనే కంపెనీ అని తరువాతి గ్రంథాలు ఎంత వివరంగా చెప్పినా, తెరపై కనిపించే వస్తువు కంపెనీ సరుకులా ఉండదు.

దాడికి ముందు తిరుగుబాటు సేనాని డొడొనా చెప్పే వివరణలో ఈ కథ కీలకం ఉన్నది. ఆ గోళపు రక్షణలన్నీ పెద్ద ఓడల దాడిని దృష్టిలో పెట్టుకుని చేసినవి. ఒంటరిగా వచ్చే చిన్న విమానాన్ని సామ్రాజ్యం ప్రమాదంగా లెక్కించలేదు. గురిపెట్టవలసిన రంధ్రం రెండు మీటర్ల వెడల్పు. త్రిపురాల వరుస కుదిరే క్షణం కాలంలో ఉన్న సందు. ఇది స్థలంలో ఉన్న సందు. రెండింటికీ తేడా ఉన్నది. కాలసంధి కోసం శివుడు వేచి ఉండాలి, అది విధి నిర్ణయం. స్థలంలోని సందును నక్షాలు దొంగిలించి, చదివి, ఎవరో కనిపెట్టాలి. అది చదువుకున్న మనుషుల పని. సారా పోరాటానికి అక్షరాస్యతా తరగతి మొదలైనట్టు, ఈ దాడికి దొంగిలించిన నక్షా మొదలు.

సారథి విషయంలో పాత కథ, కొత్త కథ దగ్గరగా వస్తాయి. ఎక్స్-వింగ్‌లో నడిపేవాని వెనుక ఒక చిన్న యంత్రసేవకుడు ఉంటాడు. దారి లెక్కలు చూస్తాడు, ఎగురుతుండగానే దెబ్బతిన్న భాగాన్ని బిగిస్తాడు. లూక్ స్కైవాకర్ విమానంలో ఆర్2-డీ2 దెబ్బతిని మూగబోయిన ఘట్టం చాలామందికి గుర్తుంటుంది. సౌభక యుద్ధంలోనూ సారథులే రెండుసార్లు కథను మలుపు తిప్పారు. సాల్వుని సైన్యంతో పోరుతూ స్పృహ తప్పిన ప్రద్యుమ్నుని దారుకుని కొడుకు రణం నుండి తప్పించాడు. స్పృహ వచ్చిన ప్రద్యుమ్నుడు, పారిపోయాడన్న మాట తెచ్చావని సారథిని మందలించాడు. రథికుని కాపాడటం సారథి ధర్మమని అతడు జవాబిచ్చాడు. ఆ తరువాత కృష్ణుడే మాయకు కలతపడి, తండ్రి వసుదేవుడు సౌభకం నుండి పడిపోతున్నట్టు చూసి చేష్టలుడిగినవాడు. చివరికి, ఈ శత్రువు దగ్గర ఇంక మెత్తదనం పనికిరాదని దారుకుడు చెప్పిన తరువాతే చక్రం ప్రయోగించాడు. లూక్ చివరి క్షణంలో గురిచూసే యంత్రాన్ని పక్కకు తోసి, చనిపోయిన గురువు కంఠం చెప్పినట్టు తన లోచూపును నమ్ముకుంటాడు. దెబ్బ వేసేవాడు ఒక్కడే అయినా, వేయమని చెప్పేవాడు మరొకడు ఉండాలన్నది రెండు కథలూ పాటించాయి. కొయ్యగరుడునిపై మాత్రం నేతగాడు ఒంటరి. అతనికి చెప్పేవాడు లేడు. మేకు ఒక్కటే ఉన్నది. అందుకే అతని తెగింపు నాకు మిగిలిన ఇద్దరి తెగింపుకంటే పెద్దదిగా కనిపిస్తుంది.

లెక్క కూడా చూడాలి. ఆ దాడికి వెళ్లిన ఎక్స్-వింగులు, వై-వింగులలో చిత్రం చివర తిరిగివచ్చినవి మూడే: లూక్ విమానం, వెడ్జ్ విమానం, ఒక వై-వింగ్. విజయోత్సవ దృశ్యం వెలుగులో ఈ లెక్క మరుగున పడుతుంది. పురాణాలలో సౌభకం కూలినప్పుడు లోపలివారు ఎంతమంది అన్న ప్రశ్న ఎలా రాదో, ఇక్కడా తిరిగిరానివారి పేర్లు అలాగే పోయాయి.

రెండు ఆధునిక అపార్థాలు

పురాణ విమానాలను ఇంజనీరింగు గ్రంథాలుగా చదివే ప్రయత్నం గురించి నాలుగు మాటలు చాలు. వైమానికశాస్త్రం అన్న పేరిట ప్రచారంలో ఉన్న గ్రంథాన్ని పండిత సుబ్బరాయశాస్త్రి 1918-1923 మధ్య చెప్పగా రాశారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 1974లో దాన్ని పరిశీలించి, అందులో వర్ణించిన వాహనాలు ఎగరజాలవని తేల్చారు. సౌభకం ఎగిరిందని నిరూపించబోయేవారు వ్యాసుని కవిత్వాన్ని తక్కువ చేస్తున్నారు. కోట కదిలివస్తే ఎలా ఉంటుందని ఊహించగలగడం, ఆ ఊహకు బాణం అందని దూరాన్ని క్రోశంతో కొలిచి చెప్పడం కవి చేసిన పని. ఎక్స్-వింగ్ ఎగరదని దాని అభిమానులందరికీ తెలుసు. ఆ కారణంగా వారి ఇష్టం తగ్గలేదు.

తెలుగు చిత్రాలలో ఈ వస్తువు 2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’తో పెద్దయెత్తున వచ్చింది. నాగ్ అశ్విన్ దర్శకత్వంలోని ఈ చిత్రంలో కాశీ నగరంపై తలకిందుల పిరమిడ్ ఆకారంలో కాంప్లెక్స్ వేలాడుతుంటుంది. అధికారానికి ఎగిరే కోట ఇచ్చిన పద్ధతి స్టార్ వార్స్‌దే. తిరుగుబాటుదారుల స్థావరానికి శంబల అన్న పౌరాణిక నామం పెట్టడం బాగున్నది. కాని ప్రేక్షకుల మనసు దోచిన వాహనం బుజ్జి తిరుగుబాటుదారులది కాదు. అది డబ్బు కోసం మనుషులను పట్టి అప్పగించే భైరవునిది. కాంప్లెక్స్‌లోకి ప్రవేశం సంపాదించుకోవడం అతని ఆశయం. నేతగానికి మేడపైకి పోవాలన్న కోరిక ఉన్నట్టే ఇతనికీ ఉన్నది. తొలి భాగం వరకు చూస్తే మేకు అతని చేతికి వచ్చింది గాని కప్పం ఎగవేసే తెల్లవారు ఇంకా రాలేదు. బుజ్జిని మహీంద్రా, జయం సంస్థలు నిజంగానే నడిచే బండిగా కట్టాయి, ఊరూరా తిప్పారు. రథకారుని పనిని జనం కళ్లారా చూడటం తెలుగు సినిమా చరిత్రలో చిన్న విషయం కాదు.

యుద్ధం ముగిశాక విమానం ఏమైంది అన్నది మిగిలిన ప్రశ్న. సౌభకం నీటిపాలయింది. పుష్పకం యజమాని దగ్గరికి పోయింది. కొయ్యగరుడుని కథ చివర రాజు నేతగానికి కూతురిని విధివత్తుగా ఇచ్చి, భూమి ఇచ్చాడు. కథకుని చూపు ఆ గౌరవంపైనే నిలిచిపోతుంది. లూక్ విమానం 1980 నాటి రెండవ చిత్రంలో బురదగుంటలో మునిగింది. గురువు యోడా దాన్ని మనోబలంతో పైకి లేపాడు. గోదాములో బొమ్మ పెట్టెల ముక్కలతో అతికించిన ఎక్స్-వింగ్ నమూనాలలో ఒకటి, మొదటి చిత్రంలో రెడ్ లీడర్ విమానంగా వాడినది, నమూనా నిర్మాత గ్రెగ్ జీన్ సేకరణలో ఉండిపోయింది. ఆయన మరణానంతరం 2023 అక్టోబరులో జరిగిన వేలంలో అది 31 లక్షల డాలర్లకు పైగా ధర పలికింది.